ఆ పిల్లల్ని ఎవరు పెంచారు?

మే నెల చివరి వారం మేముండే క్యారీలో ఇండియన్ స్టోర్‌కి కూరగాయల కోసం వెళ్లాను. బెండకాయల బుట్ట దగ్గర ముగ్గురు పెద్దావిడలు నిలబడి ఉన్నారు. నేత చీరలు, కాళ్లకి కొత్త స్పోర్ట్స్ షూస్, చీర మీద కొడుకుదో అల్లుడిదో స్వెట్టరు. ఒకావిడ బెండకాయ కొస తుంచి చూస్తోంది. పక్కావిడ "ఇక్కడ అలా తుంచకూడదటండీ, మా అమ్మాయి తిడుతుంది" అంటోంది. తల్లులూ అత్తలూ ఆర్నెల్ల వీసా మీద దిగారన్నమాట. సీజన్ మొదలైంది, మేడమ్‌కి చెప్పాలి అనుకుంటూ ఫోన్ కోసం హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, మేడమ్ పోయి నాలుగు నెలలైంది.

ఆవిడ గుండెపోటుతో పోయారని ఆస్పత్రి నుంచి మెయిల్ వచ్చిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఆవిడ రాసిన పేపర్లు, చేసిన పదవులు అందులో వరసగా ఉన్నాయి. వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్ మీద జీవితమంతా పరిశోధన చేసిన డాక్టర్ అని రాశారు. అంతా నిజమే, కానీ ఆ మెయిల్లో నాకు తెలిసిన మనిషి లేరు. బెండకాయల దగ్గర మాత్రం కనిపించారు. అక్కడే, అందరి ముందూ, కళ్లనీళ్లు వచ్చేశాయి. ఆ తుంచే ఆవిడ కంగారుపడి "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని నా చెయ్యి పట్టుకుంది.

నేను మేడమ్ దగ్గర తొమ్మిదేళ్లు స్టడీ కోఆర్డినేటర్‌గా పనిచేశాను. పరిశోధనలో చేరినవాళ్లకి ఫోన్లు చేయడం, ఫారాలు నింపించడం, రక్తం ట్యూబులకి లేబుళ్లు అంటించడం నా పని. ఇంటర్వ్యూలో ఆవిడ నా డిగ్రీ గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. "మీ అత్తగారు ఈ దేశం ఎప్పుడొస్తున్నారు?" అన్నారు. జూన్‌లో అన్నాను. "అయితే జూన్ లోపల చేరు" అన్నారు. అదే నా ఉద్యోగపు ఆర్డరు.

ఎందుకలా అడిగారో తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో మనవాళ్ల రక్తం జన్యుపరీక్షకి పంపితే తరచుగా ఒక విచిత్రమైన జవాబు వచ్చేది: ఏదో తేడా ఉంది, దాని అర్థం మాకింకా తెలియదు అని. పరిశోధనల్లో మన కుటుంబాలు తక్కువ కాబట్టి పోల్చి చూడటానికి ల్యాబులవాళ్ల దగ్గర ఏమీ లేదు. మేడమ్‌కి ఆ జవాబంటే ఒళ్లు మండేది. "తెలియకపోతే తెలుసుకోవాలి, కాగితం చేతిలో పెట్టి పంపేస్తారా?" అనేవారు. తెలుసుకోవాలంటే కుటుంబాలు కావాలి, మూడు తరాల సంగతులు కావాలి. ఇక్కడ ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి నానమ్మ పేరే సరిగ్గా గుర్తుండదు, ఆవిడ ఏ జబ్బుతో పోయిందో ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్లు మే నెలలో విమానం దిగి అక్టోబర్‌లో వెళ్లిపోతారు. అదీ సీజన్.

ఆ ఐదారు నెలలూ ఆవిడ పిలిచిన ప్రతి పేరంటానికీ వెళ్లేవారు. పిలవనివాటికి నాతో చెప్పి పిలిపించుకునేవారు. పొట్టి మనిషి. చీర కిందనుంచి రన్నింగ్ షూస్ కనిపించేవి, ముడిలో అడ్డంగా ఒక పెన్సిల్, చంకలో చుట్టిన కాగితం. పెద్దవాళ్లు కూర్చున్న సోఫా పక్కన నేల మీదే చతికిలబడి, చేతిలో పులిహోర ప్లేటుతో కబుర్లు మొదలుపెట్టేవారు. కాస్సేపటికి పెన్సిల్ బయటికి వచ్చేది. ఆడవాళ్లకి సున్నా, మగవాళ్లకి చదరం, పోయినవాళ్ల మీదుగా ఒక గీత, జబ్బు పడ్డవాళ్లని నల్లగా నింపడం. పిల్లలు "మమ్మీ, సర్కిల్స్ ఆంటీ కేమ్" అని అరిచేవాళ్లు. పెన్నుతో ఎందుకు వేయరని ఒకసారి అడిగాను. "మనవాళ్లు మొదటిసారి చెప్పేది చెరపడానికే అమ్మాయ్" అన్నారు.

ఆవిడ ఎప్పుడూ క్యాన్సర్ అనే మాట ఎత్తేవారు కాదు. నేను కొత్తలో ఆ తప్పు చేశాను. సత్యనారాయణ వ్రతంలో ఒక పెద్దావిడని "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందాండీ?" అని అడిగితే, ఆవిడ ప్రసాదం పక్కన పెట్టి, "శుభమా అని వ్రతం చేసుకుంటుంటే ఆ మాటలేవిటమ్మా? మా ఇంటా వంటా లేదు" అని మొహం తిప్పుకుంది. మేడమ్ నన్ను మోచేత్తో పొడిచి తాను అందుకున్నారు.

"మీరు ఎంతమంది అక్కచెల్లెళ్లండీ?"

"నలుగురం. పెద్దక్క చిన్నతనంలోనే పోయింది."

"అయ్యో. పిల్లలా?"

"ఇద్దరు. చిన్నవాడు చంకలో పిల్లాడు."

"ఆ పిల్లల్ని ఎవరు పెంచారు?"

అంతే. ఆ ప్రశ్నకి మన ఆడవాళ్లలో జవాబు చెప్పనివాళ్లని నేను చూడలేదు. పిల్లల్ని ఎవరు పెంచారో చెప్పాలంటే అక్క ఎన్నాళ్లు మంచంలో ఉందో, బావ ఎన్నాళ్లకి మళ్లీ పెళ్లి చేసుకున్నాడో చెప్పాలి. ఏ ఊరి ఆస్పత్రికి తిప్పారో, రవికె ఎందుకు తొడుక్కోలేకపోయిందో అన్నీ వస్తాయి. ఆవిడ అరగంట చెప్పింది, మధ్యలో కళ్లు ఒత్తుకుంది, చివర్లో మేడమ్‌కి ఇంకో గరిటె ప్రసాదం పెట్టించింది. కారెక్కాక మేడమ్ అన్నారు, "జబ్బు పేరు దాచగలరు, తల్లిలేని పిల్లల్ని దాచలేరు కదా."

దేవత లాంటి మనిషి అని రాయను. బతికున్నవాళ్ల పేర్లు ఆవిడకి అస్సలు గుర్తుండేవి కావు. "అదే, ముప్పై నాలుగేళ్లకి పోయిన పిన్ని ఉంది చూడు, వాళ్లమ్మాయి" అని నాకు ఆనవాళ్లు చెప్పేవారు. అక్టోబర్ వచ్చి రొమ్ము క్యాన్సర్ నెల అని ఊరంతా గులాబీరంగు రిబ్బన్లు కడితే చిరాకుపడేవారు. "రిబ్బను కట్టుకోమను, కాదనను. ఇంటికెళ్లి మేనత్త సంగతి కూడా కనుక్కోమను" అనేవారు. థాంక్స్ చెప్పడం ఆవిడకి చేతకాదు. బాగా పనిచేశానని చెప్పాలంటే మర్నాడు ఒక సీసా చింతకాయ పచ్చడి నా టేబుల్ మీద ఉండేది.

మేనత్త అన్నాను కదా, ఇక నా సంగతికి రావాలి. ఉద్యోగంలో చేరిన వారంలో సరదాగా నా ఫారం కూడా నింపాను. తల్లి వైపు, తండ్రి వైపు, అన్నిట్లోనూ ఎవరికీ లేదని రాశాను. మేడమ్ దాన్ని చూసి "మేనత్తలు లేరా?" అన్నారు.

"ఒకత్త ఉండేదండీ. నా చిన్నప్పుడే పోయింది. కామెర్లు."

"ఫారంలో లేదేం?"

ఆ వారమంతా పేషెంట్లకి నేను చెప్పిందేమిటి? ఈ జబ్బు తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది, తండ్రికి ఏమీ లేకపోయినా కూతురికి రావచ్చు అని. అలా చిలకపలుకులు పలికినదాన్ని నా సొంత మేనత్తని వదిలేశాను. కావాలని కాదు. నాన్న వైపు అంటే నా బుర్రలో మా ఇంటిపేరువాళ్లే: నాన్న, పెదనాన్న, వాళ్ల పిల్లలు. అత్త పద్దెనిమిదేళ్లకే వేరే ఇంటికి వెళ్లిపోయింది. పండక్కి వస్తే చీర పెట్టి పంపే మనిషి. ఆవిడ మనిల్లే కాదు, ఇక లెక్కలోకి ఎలా వస్తుంది? మేడమ్ ఒక సున్నా గీసి పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టారు. "మీ అమ్మగారు ఎప్పుడొస్తారు?" అని మాత్రం అడిగారు.

అమ్మ మరుసటి ఏడాది వేసవిలో వచ్చింది. వచ్చిన మూడో ఆదివారం మేడమ్ భోజనానికి దిగారు. గుత్తివంకాయ రెండుసార్లు వేయించుకుని, "వదినగారూ, ఈ పొడి మీరు కొట్టిందేనా?" అని మొదలుపెట్టి, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి మా నాన్న చిన్నతనానికి చేరారు. నాన్ననీ అత్తనీ కన్నతల్లి నాన్నకి నాలుగేళ్లప్పుడే పోయింది. నేను నానమ్మ అని పిలిచినావిడ తాతగారి రెండో భార్య. ఈ సంగతి నాకు లీలగా తెలుసు. తల్లి ఎందుకు పోయిందో తెలియదు. అమ్మకి తెలుసు. "పాలిచ్చే రోజుల్లో గడ్డ లేచిందటండీ. పాలగడ్డ అనుకున్నారట." మేడమ్ సున్నా నింపారు.

"మీ ఆడపడుచుకి?"

అమ్మ నా వంక చూసింది. "ఆవిడకీ అదే. చివర్లో కామెర్లు వచ్చిన మాట నిజమే."

"పిల్లల్ని ఎవరు పెంచారు?"

"ఒక్కతే కూతురు. మా ఇంట్లోనే ఉండి చదువుకుంది కదా."

వదిన! టెన్త్ నుంచి ఇంటర్ దాకా నా గదిలో నా పక్కన పడుకున్న వదిన. స్కూలూ కాలేజీ దగ్గరని ఉంచారని అనుకున్నాను ఇన్నేళ్లూ. నేను కోపంతో ఏదో అనబోతుంటే అమ్మ తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "ఇప్పుడు ఆ పిల్ల ఇక్కడే, జార్జియా రాష్ట్రంలో కమ్మింగ్ అట. నిరుడు పాపం గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయితే, వాళ్లత్తగారు వచ్చి ఆర్నెల్లూ వంట చేసి పెట్టింది."

మేడమ్ ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపేశారు. "గాల్‌బ్లాడర్‌కి ఆర్నెల్లా వదినగారూ?"

చెయ్యి కడుక్కుని వచ్చి కాగితం మీద నా సున్నాకి ఒక బాణం గుర్తు వేశారు. ఎవరి గురించి వెతుకుతున్నామో వాళ్లకి వేసే గుర్తు అది. అలాంటివి నేను వందల కొద్దీ చూశాను. నా మీద పడేసరికి మాత్రం ఒళ్లు తెలియలేదు. "మా ఇంట్లో భోంచేసి నా మీదే బాణం వేస్తారా?" అని అరిచాను. అమ్మ అంతకంటే గట్టిగా ఏడ్చింది. "నీకు ఐదేళ్ల ఆడపిల్ల ఉందే. ఇవన్నీ కాగితాల మీద పెట్టుకుంటే రేపు దాన్నెవరు చేసుకుంటారు?" మేడమ్ మా ఇద్దరినీ ఆపలేదు. అరుపులు, ఏడుపులు అయ్యాక, "దాని పెళ్లికి వాళ్లమ్మ ఉండాలి వదినగారూ, ముందు ఆ సంగతి చూద్దాం" అన్నారు.

మర్నాడు ఆఫీస్‌కి వెళ్లగానే చొక్కా చెయ్యి పైకి మడిచి "నా రక్తం తీసుకోండి" అన్నాను. ఒప్పుకోలేదు. "ముందు జబ్బు పడ్డ మనిషికి చూడాలి. మీ కుటుంబంలో నడుస్తున్న తేడా ఏదో తెలియకుండా నీకు పరీక్ష చేస్తే, ఏమీ లేదని వచ్చినా నేను నమ్మను, నువ్వూ నమ్మలేవు." మిగిలినవాళ్లంతా పోయారు. బతికున్నది వదిన ఒక్కతే. ఫోన్ చేస్తే "గాల్‌బ్లాడరే అంటుంటే! నీ రీసెర్చ్ నా మీద చేయకు" అని పెట్టేసింది.

"భోజనానికి వస్తున్నామని చెప్పు. భోజనానికి రావద్దని ఎవరూ అనరు" అన్నారు మేడమ్.

క్యారీ నుంచి కమ్మింగ్ ఆరు గంటల దారి. మేడమ్ డ్రైవ్ చేస్తే ఏడున్నర పట్టింది. ప్రింట్ తీసుకున్న డైరెక్షన్లు నేను చదువుతున్నాను. దారిలో ఒక్కటే మాట చెప్పారు. "ఆమె చెప్పకపోతే తిని వచ్చేద్దాం. ఆమె జబ్బు ఆమెది. మనం లాక్కోకూడదు." నాకు ప్రాణాల మీదికొస్తే ఈవిడకి మర్యాదలేమిటా అని పళ్లు నూరుకున్నాను.

వదిన తలుపు తీసింది. జుట్టు భుజాల దాకా కూడా లేదు, మా ఇంట్లో మోకాళ్ల దాకా ఉండేది. భర్త పిల్లల్ని స్విమ్మింగ్‌కి తీసుకెళ్లాడు. పప్పు, దొండకాయ వేపుడు, రసం చేసింది. మేడమ్ గంటసేపు దొండకాయ తీగ పెరట్లో ఎలా పాకిస్తున్నారో, స్కూల్ బస్ ఎన్నింటికి వస్తుందో అడుగుతూ కూర్చున్నారు. నాకు బీపీ పెరిగిపోతోంది. ఆఖరికి మజ్జిగ పోసుకుంటూ, "ఆ ఆర్నెల్లూ పిల్లల్ని మీ అత్తగారు చూసుకున్నారట కదమ్మా" అన్నారు.

"అవునండీ."

"మరి నిన్నెవరు చూసుకున్నారు?"

వదిన చేతిలో గరిటె అలాగే ఉంది. తర్వాత గిన్నె మూత పెట్టి, నేల మీద కూర్చుని ఏడ్చింది. మేడమ్ కూడా లేచి వెళ్లి పక్కన నేల మీదే కూర్చున్నారు. కీమోకి కొన్నిసార్లు తనే డ్రైవ్ చేసుకుని వెళ్లిందట. ఆఫీస్‌లో ఒకటి, అత్తగారి ఊళ్లో ఒకటి, మాకు ఒకటి చెప్పుకొచ్చిందట. కాస్సేపటికి లోపలికెళ్లి, సూట్‌కేసులో చీరల కింద దాచిన ఫైలు తెచ్చింది. పరీక్ష ఎప్పుడో అయిపోయింది. తేడా ఏమిటో స్పష్టంగా ఉంది. రక్తసంబంధీకులకి చెప్పమని ఉత్తరం కూడా ఉంది.

"నాకు చెప్పాలని ఒక్కసారైనా అనిపించలేదా వదినా?"

"ఒట్టే, తట్టనే లేదే. ఇది మా అమ్మది కదా అనుకున్నా. నువ్వు మావయ్య కూతురివి. మావయ్య మగాడు, ఆయనకేం ఉంటుంది, ఆయన్నుంచి నీకేం వస్తుంది అనుకున్నా. మీరు వేరే ఇల్లు కదే."

ఆమె పెద్ద కంపెనీలో పాతికమందిని నడిపించే ఇంజనీరు. అయినా నేను అత్తని వదిలేసినట్టే ఆమె నన్ను వదిలేసింది. మేడమ్ ఆ ఉత్తరం చదివి, వదిన వీపు మీద చెయ్యి వేసి, "నువ్వు ఇవాళ చేసింది చాలా పెద్ద పని" అన్నారు. వదిన మా ఇద్దరికీ దారిలో తినమని చపాతీలు కట్టి ఇచ్చింది.

నా రిజల్ట్ మూడు వారాలకి వచ్చింది. మేడమ్ తన కుర్చీలో కూర్చోలేదు, పేషెంట్లు కూర్చునే వైపుకి వచ్చి నా పక్కన కూర్చున్నారు. దాంతోనే నాకు తెలిసిపోయింది. కాగితం నా ఒళ్లో పెట్టి, "ఉంది" అన్నారు.

నాకు ముప్పై మూడేళ్లు. నా కూతురు ఆ సమయంలో కిండర్‌గార్టెన్‌లో ఉంది. "ఇంకేముంది మేడమ్, అయిపోయింది" అన్నాను. ఆవిడకి నిజంగా కోపం వచ్చింది.

"ఏం అయిపోయింది? మీ నానమ్మకి జబ్బు ముదిరాక తెలిసింది, మీ అత్తకీ అంతే. మీ వదినకి గడ్డ చేతికి తగిలాక తెలిసింది. మీ ఇంట్లో ఇంతమంది ఆడవాళ్లలో జబ్బు కంటే ముందు కబురు చేరింది నీకొక్కదానికే. నీ దగ్గర టైముంది. ఏటేటా స్కాన్లతో కనిపెట్టుకుని ఉంటావా, ముందే సర్జరీతో రొమ్ములు తీయించుకుంటావా, నీ ఇష్టం. నీ ఒళ్లు, నువ్వే తేల్చుకో. చేతులు కట్టుకుని కూర్చుంటానంటే మాత్రం రోజూ వచ్చి తిడతాను."

నేను సర్జరీ చేయించుకున్నాను. ఏడ్చాను, అద్దం ముందు నిలబడటానికి చాలా రోజులు పట్టింది, మా ఆయనతో అకారణంగా పోట్లాడాను. అయినా ఇప్పటిదాకా ఆ నిర్ణయం గురించి ఒక్కరోజు కూడా పశ్చాత్తాపపడలేదు. నాకు జబ్బు రాలేదు. అత్త వయసు ఏనాడో దాటేశాను. వదిన కూడా బాగానే ఉంది, ఇప్పుడు కమ్మింగ్‌లో ఎవరింట్లో ఆడవాళ్లకి పరీక్ష జరిగినా తనే కారులో తీసుకెళ్తుంది.

మేడమ్ అంటే నాకు గుర్తొచ్చేది మాత్రం ఇవేవీ కాదు. రిజల్ట్ వచ్చిన రోజే, అదే గదిలో, నాన్నకి ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆయన వైపు ఆడపిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్లకి చెప్పాలి. ఆ రోజుల్లో ఇండియాకి నిమిషాల లెక్కన కొనుక్కునే కాలింగ్ కార్డు గీకి నంబరు కొట్టాను. స్పీకర్‌లో పెట్టాను. చెప్పాను.

"అంటే, నా వల్లనా అమ్మా?" అన్నారు నాన్న.

మేడమ్ ముందుకు వంగారు. "మీ వల్ల కాదన్నయ్యగారూ. మీ అమ్మగారి నుంచి మీకు వచ్చింది, మీ నుంచి అమ్మాయికి వచ్చింది. మీ చేతిలో ఏమీ లేదు."

నాన్న గొంతు మారిపోయింది. "మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు. మొహం గుర్తులేదు. ఒక ఫోటో లేదు. అమ్మ దగ్గర్నుంచి నాకంటూ వచ్చింది ఏమీ లేదనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ."

ఏ కుటుంబం సంగతి విన్నా ఆవిడ చలించిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఎవరెవరికి చెప్పాలో ఆ జాబితా పంపమ్మా, ఫోన్లన్నీ నేనే చేస్తాను, నువ్వు చెబితే ఆడపిల్ల మాట అని కొట్టిపారేస్తారు అని నాన్న అంటున్నారు. మేడమ్‌కి కావలసింది దొరికింది. అక్కడితో ఫోన్ పెట్టేయొచ్చు. బయట ముగ్గురు పేషెంట్లు ఎదురుచూస్తున్నారు.

"మీ అమ్మగారు ఎలా ఉండేవారండీ?" అని అడిగారు మేడమ్.

"నాకు గుర్తులేదని చెప్పాను కదమ్మా."

"మొహం వద్దులెండి. ఏదైనా చెప్పండి."

లైన్లో గరగర వినిపించింది. "ఒక్కటి గుర్తుంది" అన్నారు నాన్న. "స్నానానికి నీళ్లు తోడి, వేడి చూడటానికి మోచెయ్యి ముంచేది. వేళ్లు కాదు, మోచెయ్యి. ఆ మోచెయ్యి గుర్తుంది. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదమ్మా, ఎవరూ అడగలేదు. తర్వాత నా మీద పోసే ముందు..."

ఇంకో నిమిషమే మిగిలి ఉందని కార్డువాళ్ల రికార్డింగ్ గొంతు ఇంగ్లీషులో అడ్డొచ్చింది. ఆ వెంటనే లైన్ కట్ అయింది. నేను ఫోన్ వంక చూస్తూ ఉండిపోయాను. మేడమ్ తన పర్సు టేబుల్ మీద బోర్లించి, చిల్లర లోంచి తన కార్డు వెతికి పట్టుకుని, అన్ని అంకెలూ తనే నొక్కారు. అవతల ఎత్తారు.

"ఆఁ, చెప్పండన్నయ్యగారూ. మోచెయ్యి ముంచేవారు. తర్వాత?"